ద్రావిడ భాషాకుటుంబ కాలనిర్ణయము: బేయిసియన్ గణన ఫలితములను చదువు విధము

2018వ సంవత్సరము మార్చి మాసమున లండను రాయల్ సొసైటీవారి ‘ఓపెన్ సైన్స్’ పత్రికలో ద్రావిడ భాషాకుటుంబమును గూర్చిన పరిశోధన వ్యాసమొకటి ప్రకటితమైనది. విష్ణుప్రియ కొలిపాకం, ఫియోనా జోర్డాన్, మైకేల్ డన్, సైమన్ గ్రీన్‌హిల్, రెమ్కో బౌకార్ట్, రసెల్ గ్రే, ఆన్‌మరీ వెర్కెర్క్ అను ఏడుగురు దాని కర్తలు. ఇరువది ద్రావిడ భాషలలో మౌలికార్థములకు గల పదములను ఆయా భాషలు మాట్లాడువారి నోటినుండియే సేకరించి, జ్ఞాతిపదములను ఏర్పరచి, ఆ పట్టికను బేయిసియన్ గణనకు లోబరచి, ఈ కుటుంబము వయస్సు సుమారు 4500 సంవత్సరములని వారు తెలిపిరి. ఉత్తర, మధ్య, దక్షిణ, దక్షిణ-మధ్య శాఖలు నాలుగును గణనయందు మరల లభించినవి. కాని ఆ శాఖలకు పరస్పర సంబంధమెట్టిదను విషయమున అనిశ్చయము మెండుగా కలదని కూడ వారే వ్రాసిరి.

ఇందు మొదటి మాట వ్యాపించినంతగా రెండవ మాట వ్యాపింపలేదు. 4500 అను సంఖ్యను శాసనములోని శకవర్షమువలె ఉదాహరించువారు కలరు. శకవర్షము శాసనకర్త చెప్పిన మాట. ఈ సంఖ్య అట్టిది కాదు. ఇట్టి గణనలలో వచ్చు సంఖ్యలు ఏమి చెప్పును, ఏమి చెప్పవు అను విషయమును గణితముతో పరిచయము లేని భాషాసాహిత్య విద్యార్థులకు వివరించుట ఈ వ్యాసోద్దేశము. ఉదాహరణములను వీలైనంతవరకు అనంతపురపు మెట్టసీమనుండియే తీసికొందును. ఈ సీమలోని మాటలును, ఈ సీమలోని బూడిద దిబ్బలును ఈ చర్చకు సాక్షులే.

థామస్ బేయిస్ ఇంగ్లండు దేశపు మతాచార్యుడు. ఆయన 1761లో మరణించిన పిదప ఆయన కాగితములలో దొరికిన వ్యాసమును మిత్రుడు రిచర్డ్ ప్రైస్ రాయల్ సొసైటీకి పంపగా, అది 1763లో అచ్చట చదువబడినది. అందలి సూత్రము చిన్నది. ఒక విషయమును గూర్చి మనకు ముందే కొంత నమ్మకము ఉండును. క్రొత్త సాక్ష్యము లభించును. సాక్ష్యము ఎంత బలమైనదో ఆ మేరకు ముందటి నమ్మకమును సవరించుకొనవలెను. ఈ సవరణను గుణకార భాగహారములతో చేయుటయే బేయిస్ పద్ధతి.

దీనికి మెట్టరైతు ఆలోచనకంటె మంచి దృష్టాంతము లేదు. అనంతపురము జిల్లాలో సాలీన సగటు వర్షపాతము 550 మిల్లీమీటర్లకు అటు ఇటుగా నుండును. పంట పండని యేడు ఇచ్చటివారికి వింత కాదు. లెక్క కొరకు మాత్రమే కొన్ని అంకెలను ఊహింతము. ముప్పది సంవత్సరములలో 9 మంచివి, 21 కరువువి అనుకొందము. మంచి యేండ్లు తొమ్మిదింట ఆరు మృగశిర కార్తెలోనే వాన చూచినవి. కరువు యేండ్లు ఇరువదియొకటిలో ఏడు కూడ మృగశిరలో వాన చూచి, పిదప మొగము చాటు చేసినవి. ఇప్పుడు ఈ యేడు మృగశిరలో వాన కురిసినది. ఇది మంచి యేడగుటకు అవకాశమెంత? మృగశిర వాన చూచిన యేండ్లు మొత్తము 13. అందు మంచివి 6. కనుక నూటికి 46 పాళ్ళు. వాన రాకముందు మంచి యేడగుటకు అవకాశము నూటికి 30. వాన వచ్చిన పిదప అది 46కు పెరిగినది. పెరిగినను సగమునకు చేరలేదు. తొలకరి చూచి సంతోషించియు అప్పు చేసి విత్తనము కొనుటకు వెనుదీయు రైతు ఈ లెక్కను కాగితముపై పెట్టకయే పెట్టుచున్నాడు.

ఇదే వాన, ఇదే సాక్ష్యబలము, వేరొక సీమలో చూడుడు. అచ్చట ముప్పది యేండ్లలో 21 మంచివి, 9 చెడ్డవి అనుకొందము. మంచివానిలో మూడింట రెండు వంతులు, అనగా 14. చెడ్డవానిలో మూడింట ఒక వంతు, అనగా 3. మృగశిర వాన చూచిన యేండ్లు 17, అందు మంచివి 14. నూటికి 82 పాళ్ళు. సాక్ష్యము ఒక్కటే, తీర్మానములు రెండు. ఒకరిది మూఢత్వము, ఒకరిది వివేకము అనుటకు వీలులేదు. పూర్వానుభవములు వేరు.

సాక్ష్యమునకు ముందున్న నమ్మకమును ‘పూర్వ సంభావ్యత’ అనియు, సాక్ష్యముచే సవరింపబడినదానిని ‘ఉత్తర సంభావ్యత’ అనియు ఈ వ్యాసమున వ్యవహరింతును. ఇచ్చట ఉత్తర శబ్దము దిక్కును గాక ‘తరువాతిది’ అను అర్థమును చెప్పును. ఉత్తర ద్రావిడశాఖను గూర్చి వ్రాయునపుడు ఈ భేదమును మరవరాదు. ఈ రెంటికి నడుమ నున్నది సాక్ష్యబలము: ఒక ఊహ నిజమైనచో, మన చేతనున్న సాక్ష్యము కనబడుటకు ఎంత అవకాశము కలదు అను కొలత. పూర్వ సంభావ్యతను పరిశోధకుడే నిర్ణయించి యంత్రమునకు ఈయవలసియుండును కావున ఈ పద్ధతి స్వేచ్ఛాకల్పనయని ఆక్షేపించినవారు కలరు. ఈ ఆక్షేపణకు నా సమాధానము ఒక్కటే. పూర్వాభిప్రాయము లేని పరిశోధకుడు లేడు. ఈ పద్ధతిలో దానిని దాచిపెట్టుటకు వీలులేదు. సాక్ష్యము పుష్కలముగా నున్నచో పూర్వ సంభావ్యతల భేదము క్రమముగా అణగిపోవును. సాక్ష్యము పలుచనైనచో అదే పెత్తనము చేయును.

ఇక భాషావృక్షములకు వత్తము. గణితసహాయముతో ద్రావిడ వృక్షమును నిర్మించుట తెలుగువారికి క్రొత్త కాదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు లింకన్ మోజెస్, డగ్లస్ డాన్‌ఫర్త్ అను వారితో కలిసి 1983లో ‘లాంగ్వేజ్’ పత్రికయందు ప్రకటించిన వ్యాసము ఇందుకు ప్రమాణము. తమిళమున ఉరల్, తెలుగున రోలు. తమిళమున ఇరండు, తెలుగున రెండు. తమిళమున మరం, తెలుగున మ్రాను. పదమధ్యమందలి హల్లు ముందునకు జరుగు ఈ మార్పు దక్షిణ-మధ్య శాఖకు గుర్తు. అది గోండి, కొండ, కూయి, కువి, పెంగొ, మండ భాషలలో ఏయే పదములకు సోకినది, ఏయే పదములు మారక నిలిచినవి అను దానినిబట్టి ఆ ఆరు భాషల ఉపశాఖలను వారు తేల్చిరి. ఆరు భాషలను జంటలు జంటలుగా చీలు వృక్షముగా అమర్చుటకు 945 విధములు కలవు. 945 వృక్షములను ఒక్కొక్కటిగా పరీక్షించుట సాధ్యము.

ఇరువది భాషలైనచో? ఆ సంఖ్య 82 వ్రాసి ప్రక్కన ఇరువది సున్నలు చేర్చినంత. ఎంతటి యంత్రమైనను వీనినన్నింటిని పరీక్షింపజాలదు. ఈ చిక్కునకు ఉపాయముగా ఏర్పడినదే మార్కోవ్ శృంఖల. ‘బీస్ట్’ మొదలగు పరిశోధన సాఫ్ట్‌వేరులలో జరుగు పని ఇదియే. (పై ఏడుగురు కర్తలలో బౌకార్ట్ ఈ సాఫ్ట్‌వేరు రెండవ రూపమును నిర్మించినవారిలో ముఖ్యుడు.) గుట్టలు పల్లములు గల సీమలో చీకటివేళ తిరుగు బాటసారి నొకనిని ఊహింపుడు. ప్రతి చోటును ఒక వృక్షము; సాక్ష్యముతోను పూర్వ సంభావ్యతతోను ఎక్కువ పొసగు వృక్షము ఎత్తైన చోటు. ఎత్తునకు తగినంత సేపు అచ్చట నిలుచుటయే ఆ బాటసారి నియమము. కొన్ని లక్షల అడుగులు నడచిన పిదప ఏ చోట ఎంతసేపు నిలిచెనో లెక్కించినచో, నేలనంతయు కొలువకయే ఎత్తుల పటము మనకు లభించును.

దీనినుండి రెండు మూడు జాగ్రత్తలు పుట్టుచున్నవి. బాటసారి ఏ పల్లమున బయలుదేరెనో ఆ జాడ మొదటి అడుగులలో ఉండును కావున వానిని వదలివేయుదురు. ప్రతి అడుగును ముందటి అడుగు ప్రక్కనే పడును కావున పదివేల అడుగుల జాబితాలో యథార్థముగా స్వతంత్రమైన సమాచారము ఏబది అడుగులంత మాత్రమే ఉండవచ్చును. సాఫ్ట్‌వేరు ఈ ‘సార్థక సంఖ్య’ను చూపును, అది 200కు తక్కువైనచో ఫలితమును నమ్మరాదను వాడుక కలదు. ఒక గుట్టమీదనే తిరుగుచు ఆవలి గుట్టను బాటసారి చూడకపోవచ్చును. అందుచే వేరువేరు చోటులనుండి కనీసము రెండు నడకలైనను నడిపించి, రెండును ఒకే పటమును ఇచ్చుచున్నవా యని చూడవలెను. ఇవి యన్నియు యంత్రమునకు సంబంధించిన శుద్ధి. ఇవి సరిగా నున్నంత మాత్రమున ఫలితము సత్యమని కాదు. అడిగిన ప్రశ్నకు యంత్రము సరిగా బదులు చెప్పినదని మాత్రమే.

ప్రశ్నను అడుగునది పట్టిక. నా దృష్టిలో తెలుగు శాఖలవారు పట్టించుకొనవలసిన స్థలము ఇదియే. పట్టికలో అడ్డు వరుస భాష. నిలువు వరుస జ్ఞాతిపదముల గుంపు. ఆ గుంపునకు చెందిన పదము భాషలో ఆ అర్థమున ఉన్నచో ఒకటి, లేనిచో సున్న. యంత్రము చూచునవి ఈ ఒకట్లు సున్నలే. ‘వృక్షము’ అను అర్థమును తీసికొనుడు. తమిళమున మరం, కన్నడమున మర, తెలుగున మ్రాను. ఇవి జ్ఞాతులు. కాని కోస్తా జిల్లాలలో చదువుకొన్నవానిని అడిగినచో అతడు చెప్పునది ‘చెట్టు’. అది వ్రాసికొన్నచో మరం-మ్రాను వరుసలో తెలుగునకు సున్న పడును. అనంతపురపు పల్లెలో అడిగినచో ‘మాను’ అను మాట సహజముగా వచ్చును. కదిరి సమీపమందలి తిమ్మమ్మ మర్రిమాను పేరు లోకప్రసిద్ధమే. దానిని మర్రిచెట్టు అని పిలుచువారు ఈ సీమలో అరుదు. ఇచ్చట ఒకటి, అచ్చట సున్న. భాష ఒక్కటే.

ఇట్టివి మరికొన్ని కలవు. సూర్యుని ‘పొద్దు’ అనుట ఈ ప్రాంతమున నేటికిని వాడుక. పొద్దు పుట్టుట, పొద్దు గూకుట. తమిళ కన్నడములలో దానికి జ్ఞాతులు కలవు. పట్నవాసి ‘సూర్యుడు’ అనును. అది సంస్కృతమునుండి వచ్చినది గనుక జ్ఞాతిపదముగా లెక్కకు రాదు. ‘నెత్తురు’, ‘రక్తము’ అనువాని సంగతియు ఇంతే. మాండలికమునుబట్టియు, సమాచారమిచ్చినవాని చదువునుబట్టియు తెలుగు వరుసలో అంకెలు మారును. నూరు అర్థములలో పది పన్నెండు ఇట్లు మారినచో శాఖ పొడవు మారును. శాఖ పొడవు మారినచో కాలము మారును. తెలుగునకు అడ్డు వరుస ఒక్కటే పెట్టినచో ఆ ఒక్క వరుస ఎవరి తెలుగు అను ప్రశ్నకు గణితము సమాధానము చెప్పజాలదు. నన్నయనాటి తెలుగును, శాసనముల తెలుగును ఎరిగినవారే ఏ పదము ప్రాచీనమో, ఏది తరువాత వచ్చి చేరినదో చెప్పగలరు. 1961లో బరో, ఎమెనోగార్లు ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు చేతనున్నను జ్ఞాతిత్వ నిర్ణయము మనుష్యుని పనియే.

అరువుమాట ఈ సీమకు మరింత సంకటము కలిగించును. మడకశిర, రాయదుర్గము ప్రాంతములలో తెలుగు కన్నడములు ఒకే ఇంట వినిపించును. వృక్షమును నిర్మించు గణన పదములు తల్లిభాషనుండి బిడ్డభాషకు దిగివచ్చినవని భావించును; ప్రక్కభాషనుండి గోడ దాటి వచ్చిన పదమును అది స్వయముగా గుర్తింపజాలదు. గుర్తింపక లెక్కించినచో పొరుగుతనము చుట్టరికముగా కనబడి, రెండు భాషల విభజన కాలము ఇటీవలిదిగా తోచును.

కాలమును కొలుచుటకు మొదట కల్పించిన పద్ధతి మోరిస్ స్వదేశ్‌ది. మౌలిక పదములు వేయి సంవత్సరములకు నూటికి 14 చొప్పున మారునని ఆయన 1950 దశకమున ప్రతిపాదించెను. ఆ లెక్కన వేయి యేండ్ల క్రిందట విడిపోయిన రెండు భాషలలో నూటికి 74 పదములు సమానముగా మిగులవలెను. ఆంద్రొనోవ్ 1964లో ఈ మార్గముననే ద్రావిడ భాషల విభజన కాలములను గణించెను. అన్ని భాషలు, అన్ని పదములు ఒకే వేగమున మారునను భావన నిలువక ఆ పద్ధతికి అపకీర్తి వచ్చినది, అది న్యాయమే. బేయిసియన్ పద్ధతికి అదే అపకీర్తిని అంటగట్టుట మాత్రము న్యాయము కాదు. ఇందు వేగము స్థిరముగా నుండనక్కరలేదు. ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క వేగమును అనుమతింపవచ్చును. వేగము తెలియకపోవుటవలన కలుగు సందేహము ఫలితములోనికి వచ్చి చేరి, కాలావధిని వెడల్పు చేయును.

ఆ వెడల్పే ఫలితములో ముఖ్యభాగము. ద్రావిడ గణనలో కుటుంబపు మూలమునకు వచ్చిన అవధి దశాబ్దములలో గాక సహస్రాబ్దములలో లెక్కింపదగినంత వెడల్పైనది. 4500 అనునది అందు నడిమి ప్రాంతము. 95 శాతపు అవధి యనగా, ఈ పట్టికను, ఈ మార్పు నమూనాను, ఈ పూర్వ సంభావ్యతలను అంగీకరించినచో నిజమైన కాలము ఆ యెల్లల నడుమ నుండుటకు నూటికి 95 పాళ్ళు అవకాశము కలదని అర్థము. ‘అంగీకరించినచో’ అను మాటను తీసివేసినచో వాక్యము అబద్ధమగును. వృక్షములో కొమ్మలు చీలుచోట ఉండు సంఖ్యలును ఇట్టివే. 0.98 అని యున్నచో బాటసారి తన కాలమునందు నూటికి 98 పాళ్ళు ఆ కొమ్మ గల వృక్షములయందే గడపెను. 0.5 ప్రాంతమున నున్నచో ఆ కొమ్మ ఉన్నను ఉండవచ్చును, లేకున్నను లేకపోవచ్చును. అచ్చువేసిన పటములో రెండు కొమ్మలును ఒకే లావు గీతతో కనబడును గనుక చిక్కు. ‘తెలుగు తమిళమునుండి ఇన్ని సంవత్సరముల క్రిందట విడిపోయినదని కంప్యూటరు నిరూపించినది’ అను వాక్యములో తప్పులు రెండు. తెలుగు తమిళమునుండి విడిపోలేదు. రెండును ఒక మూలమునుండి వచ్చినవి. నిరూపణ యనునది ఈ గణనలో లేనే లేదు.

పురావస్తు శాస్త్రములో ఈ పద్ధతి ఇంతకంటె స్పష్టముగా పనిచేయుచున్నది. దానికి ఉదాహరణము మన ముంగిటనే కలదు. అనంతపురము, కర్నూలు, బళ్ళారి, రాయచూరు ప్రాంతములలో నవీన శిలాయుగపు బూడిద దిబ్బలు కలవు. హంపీ సమీపమున నింబాపురపు దిబ్బను వాలిని దహించిన చోటని జనులు చెప్పుదురు. అవి పశువుల పేడ కుప్పలు కాలగా మిగిలినవని రేమండ్ ఆల్చిన్ 1957లో పాలమూరు జిల్లా ఊట్నూరున త్రవ్వి చూపెను. కళ్యాణదుర్గము ప్రాంతమున పాల్వాయి దిబ్బలను వి. రామిరెడ్డిగారు పరిశోధించి 1976లో గ్రంథము ప్రకటించిరి.

ఇట్టి దిబ్బలో దొరికిన బొగ్గును ప్రయోగశాలకు పంపినచో రేడియోకార్బన్ కాలము ఒక సంఖ్యగా, దానికి అటు ఇటు నూరేండ్ల అనిశ్చయముతో తిరిగి వచ్చును. పది నమూనాల అవధులు ఒకదానిపై నొకటి పడి, దిబ్బ ఎన్ని శతాబ్దములు పెరిగెనో తెలియకుండును. కాని త్రవ్వినవానికి ఒక విషయము ముందే తెలియును: క్రింది పొర మునుపటిది, పై పొర తరువాతిది. ఇది పూర్వజ్ఞానము, దీనిని ఎవరును ఆక్షేపింపరు. ఈ క్రమమును ‘ఆక్స్‌కాల్’ వంటి సాఫ్ట్‌వేరునకు తెలిపినచో, ఆ క్రమమునకు విరుద్ధమైన కాలములన్నియు తొలగి అవధులు బిగియును. డోరియన్ ఫుల్లర్, నికోల్ బోయివిన్, రవి కోరిశెట్టర్ గార్లు 2007లో ‘యాంటిక్విటీ’ పత్రికలో ప్రకటించిన పరిశోధన ఇట్టిది. ఒక్కొక్క బూడిద దిబ్బ కొద్ది తరముల కాలములోనే ఏర్పడినదని దానివలన తెలిసినది. పూర్వ సంభావ్యత యనగానే శంకించు విద్యార్థులకు నేను మొదట చూపునది ఈ మట్టిపొరలనే.

దక్షిణ నవీన శిలాయుగము క్రీ.పూ. 3000 ప్రాంతమున మొదలైనది. ద్రావిడ కుటుంబపు వయస్సు 4500 ఏండ్లు అన్నచో క్రీ.పూ. 2500 ప్రాంతము. ఫ్రాంక్లిన్ సౌత్‌వర్త్ మున్నగువారు ఈ పశుపాలకులకును ద్రావిడ భాషలకును సంబంధమును ఊహించియుండిరి. భాషాగణన ఫలితము పూర్వపు పురావస్తు పరిశోధనలతో పొసగుచున్నదని 2018 నాటి కర్తలును అనిరి. పొసగుట వేరు, సాక్ష్యమగుట వేరు. సహస్రాబ్దముల వెడల్పు గల రెండు అవధులు ఒకదానినొకటి తాకుట ఆశ్చర్యము కాదు. పాల్వాయి దిబ్బను కాల్చినవారు ఏ భాషలో మాట్లాడుకొనిరో బూడిద చెప్పదు. వేరొక చిక్కు కూడ కలదు. ఎవరైన ఇకముందు నవీన శిలాయుగపు కాలమునే పూర్వ సంభావ్యతగా యంత్రమునకు ఇచ్చి గణించి, వచ్చిన ఫలితము నవీన శిలాయుగముతో పొసగినదని వ్రాసినచో, అది తాను పెట్టినదానినే తీసికొనుట. తర్కశాస్త్రమున దీనిని ఆత్మాశ్రయ దోషమందురు.

ఈ దోషమును పట్టుకొనుటకు సులభమైన పరీక్ష యున్నది. సాఫ్ట్‌వేరులో పదపట్టికను తీసివేసి, పూర్వ సంభావ్యతలతో మాత్రమే గణనను నడుపవచ్చును. పట్టిక ఉన్నపుడు వచ్చిన కాలమును, లేనపుడు వచ్చిన కాలమును ప్రక్కప్రక్కన పెట్టవలెను. రెండును ఒక్కటే అయినచో మాటలు ఏమియు చెప్పలేదు, మనము ముందు చెప్పినదే తిరిగి వినిపించినది. భేదించినచో ఆ భేదమే పదములిచ్చిన సమాచారము. సిద్ధాంత వ్యాసములలో ఈ జంట ఫలితమును ఈయనివారిని పరీక్షకులు తప్పక అడుగవలెనని నా అభిప్రాయము. దానితోపాటు పదములను చెప్పినవారిది ఏ ప్రాంతము, ఒక అర్థమునకు రెండు మాటలు వచ్చినపుడు దేనిని తీసికొనిరి, అరువుమాటలను ఏ ఆధారమున తొలగించిరి అను వివరములు అనుబంధముగా నుండవలెను. శృంఖల పొడవును, వదలివేసిన భాగమును వ్రాసి, ఈ వివరములను వదలివేయుటలో అర్థము లేదు.

ఈ విశ్వవిద్యాలయ పరిసరములలోనే చేయదగిన పని యొకటి మిగిలియున్నది. మడకశిర, రాయదుర్గము, కదిరి, తాడిపత్రి ప్రాంతములలో ఒక్కొక్క చోట చదువు లేని వృద్ధులనుండి ఒకమారు, కళాశాల విద్యార్థులనుండి ఒకమారు అవే నూరు అర్థములకు పదములను సేకరింపవచ్చును. తెలుగునకు ఒక అడ్డు వరుసకు మారుగా ఎనిమిది ఏర్పడును. ఎనిమిదింటిని విడివిడిగా పట్టికలో పెట్టి ఎనిమిది మారులు గణించినచో దక్షిణ-మధ్య శాఖ కాలము ఎంత కదలునో చూడవచ్చును. ‘మాను’ను ఎందరు చెప్పిరి, ‘చెట్టు’ను ఎందరు చెప్పిరి, రెండును చెప్పినవారెందరు అను లెక్కను మాత్రము యంత్రమునకు పంపకముందే చేతితో వ్రాసికొనవలెను.